పేరు నాలుక చివరే ఉంది, బయటికి రాదేం?

"నలభై దాటాక తెలిసినవాళ్ళ పేర్లు కూడా సమయానికి తట్టడం లేదు, ఇది మతిమరుపు జబ్బుకి మొదలా?" అని ఒక పాఠకుడు అడిగారు. టెన్షన్ పడకండి. ఎదురుగా ఉన్న మనిషి ఎవరో, ఏం చేస్తాడో తెలిసి పేరొక్కటే రాకపోవడం కాలేజీ కుర్రాళ్ళకీ జరుగుతుంది. వయసుతో అది పెరుగుతుంది. ఆ మనిషి ఎవరో కూడా తెలియకపోతే అది వేరే సంగతి, డాక్టరుకి చూపించాల్సిందే. జ్ఞాపకశక్తి మాత్రలు అమ్మేవాళ్ళకి ఈ రెండింటినీ కలిపేసే భయమే పెట్టుబడి.

నాకు ఆశ్చర్యం అనిపించేది ఇంకొకటి: రాని మాట గురించి కూడా మనకి బోలెడు తెలుసు. 1966లో హార్వర్డ్‌లో రోజర్ బ్రౌన్, డేవిడ్ మెక్‌నీల్ అనే మనస్తత్వవేత్తలు విద్యార్థులకు అరుదైన మాటల అర్థాలు చదివి, ఆ మాటేదో చెప్పమన్నారు. సముద్రం మీద సూర్యుడి ఎత్తు, నక్షత్రాల ఎత్తు కొలిచే పరికరం ఏది? జవాబు సెక్స్‌టెంట్. నాలుక చివర ఆగిపోయినవాళ్ళు కొందరు అర్థంలో దగ్గరగా ఉన్న కంపాస్ అన్నారు, కొందరు శబ్దంలో దగ్గరగా ఉన్న సెక్స్‌టెట్, సెక్స్‌టన్ అన్నారు. మాట రాలేదు గానీ అది ఏ అక్షరంతో మొదలవుతుందో సగానికి పైగా సార్లు సరిగ్గానే చెప్పారు.

అంటే మెదడులో మాట ఒకే ముద్దగా లేదు. ముందు భావం, తరవాత దానికి తగిన పదం, వ్యాకరణంతో సహా, ఆ తరవాతే ధ్వనులు. ఇటాలియన్ మాట్లాడేవాళ్ళు రాని మాట పుంలింగమో స్త్రీలింగమో చెప్పగలిగారని 1997లో తేలింది. వ్యాకరణం అందింది, శబ్దం అందలేదు! సైగభాష వాడే బధిరులకీ ఇదే తంటా: చేతి ఆకారం, అది ఉండాల్సిన చోటు గుర్తొస్తాయి, కదలికే ఎక్కువగా గుర్తు రాదు.

భావం నుంచి ధ్వనికి ఒక కాలిబాట ఉందనుకోండి. ఒక మనిషి వృత్తి గుర్తు చేసుకోవాలంటే దారులు అనేకం: పనిముట్లు, దుస్తులు, పని చేసే చోటు. పేరుకి ఉన్నది ఒక్కటే బాట. ఆ పేరుకీ ఆ మొహానికీ వేరే సంబంధమేమీ లేదు మరి. కొన్నాళ్ళు నడవకపోతే ఆ ఒక్క బాట మీదా గడ్డి మొలుస్తుంది. డెబోరా బర్క్, డొనాల్డ్ మెకై అనే మనస్తత్వ పరిశోధకులు 1991లో చెప్పిన వివరణ సారాంశం ఇదే: అర్థం చెక్కుచెదరదు, దాని నుంచి ధ్వనులకు వెళ్ళే లంకెలు వాడకం తగ్గి, వయసు పెరిగి బలహీనపడతాయి. మెదడులో ఎడమవైపున్న ఇన్సులా అనే భాగంలో బూడిదరంగు పదార్థం (నాడీకణాలు ఉండే పొర) తగ్గిన పెద్దవాళ్ళలో ఈ ఇబ్బంది ఎక్కువని మెదడు స్కాన్లలో కనిపించింది.

మరి బుర్ర బద్దలు కొట్టుకుంటే వస్తుందా? కెనడాలో కారిన్ హంఫ్రీస్, ఏమీ బెత్ వారినర్ 2008లో మాట నాలుక చివర ఆగినవాళ్ళని ఆ స్థితిలోనే 10 సెకన్లో, 30 సెకన్లో ఉంచి, ఆ తరవాతే జవాబు చెప్పారు. రెండు రోజుల తరవాత అడిగితే ఎక్కువసేపు గింజుకున్న మాటల దగ్గరే మళ్ళీ ఎక్కువగా ఇరుక్కున్నారు. గింజుకోవడమంటే అసలు బాట వదిలి పక్కదారిలో తిరగడమే; తిరిగినంతసేపూ ఆ పక్కదారే నలుగుతుంది. క్లాసులో పిల్లవాణ్ణి నిలబెట్టి "ఆలోచించు, ఆలోచించు" అనే మాస్టార్లు ఇది గమనించాలి. ఆ మాటలో మొదటి అక్షరం అందిస్తే చాలాసార్లు మిగతాది వాడే పూర్తి చేస్తాడు. అదే అక్షరాలతో మొదలయ్యే ఇంకో మాట చెవిన పడినా అసలు మాట బయటికొచ్చే అవకాశం పెరుగుతుంది. అదీ కుదరకపోతే జవాబు చెప్పేసి, వాడి చేత ఒకసారి పైకి అనిపించడం మేలు.