టైరు నలిగితే కరెంటు: పలుగురాయి దగ్గర మొదలైన కథ

నార్కట్‌పల్లిలో లారీ ఆగగానే క్లీనర్ దిగి, రాడ్డుతో ఒక్కో టైరును కొట్టి చూస్తాడు. చప్పుడును బట్టి గాలి తగ్గిందో లేదో చెప్పేస్తాడు. చెయ్యి ఆనించి వేడి కూడా చూస్తాడు. విజయవాడ హైవే మీద ఎండాకాలంలో టైరు పేలితే ఏమవుతుందో వాళ్లకు తెలుసు.

వేడికి కారణం ఎండ ఒక్కటే కాదు. చక్రం తిరిగే ప్రతిసారీ రోడ్డును తాకిన భాగం అణిగి లేస్తుంది. అణగడానికి పట్టిన శక్తిని రబ్బరు పూర్తిగా తిరిగివ్వదు, మిగిలింది వేడిగా పోతుంది. గాలి తగ్గితే ఈ వృథా ఇంకా పెరుగుతుంది. ఇందులో కొంతైనా కరెంటుగా పట్టుకోలేమా అన్న ఆలోచనకు మూలం 1880 నాటిది.

ఆ ఏడాది పారిస్‌లో జాక్, పియర్ క్యూరీ అన్నదమ్ములు కొన్ని స్ఫటికాలను నొక్కితే వాటి మీద విద్యుత్ ఆవేశం పుడుతుందని చూపించారు. వాటిలో క్వార్ట్జ్ ఒకటి, అంటే మన పలుగురాయి. పాలమూరు చెలకల్లో తెల్లగా మెరిసేదీ అదే ఖనిజం. కాకపోతే వాళ్లకు కావలసింది చక్కగా ఎదిగిన ఒంటి స్ఫటికం. నొక్కితే ఆవేశం పుట్టే ఈ గుణాన్నే పీజోఎలక్ట్రిక్ గుణం అన్నారు. 1950లలో సీసం, జిర్కోనియం, టైటానియం కలిసిన పీజెడ్‌టీ అనే పింగాణీ వచ్చింది. గ్యాస్ లైటర్‌ను టక్కున నొక్కితే రవ్వ లేచేది ఇలాంటి పదార్థం వల్లే. అయితే అది పెళుసు, టైరులో పగిలిపోయే ప్రమాదముంది. 1969లో జపాన్ శాస్త్రవేత్త కవాయి, పీవీడీఎఫ్ అనే ప్లాస్టిక్‌లోనూ ఈ గుణాన్ని గుర్తించాక, వంగే పొరల దారి తెరుచుకుంది.

అసలు అవసరం మాత్రం ప్రమాదాల నుంచి పుట్టింది. ఫైర్‌స్టోన్ టైర్ల ప్రమాదాల తర్వాత 2000లో అమెరికా ఒక చట్టం చేసింది. 2007 సెప్టెంబరు నుంచి అక్కడ అమ్మకానికి తయారయ్యే కొత్త కార్లన్నిటికీ గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు తప్పనిసరైంది. చాలా కార్లలో దీనికోసం చక్రం లోపలే సెన్సర్ పెడతారు. అది బ్యాటరీతో నడుస్తుంది. బ్యాటరీ అయిపోతే చాలావరకు సెన్సరే మార్చాలి. ఆ బ్యాటరీ బెడద లేకుండా చేయాలన్నదే పరిశోధకుల పట్టుదల. 2015లో జెనీవా మోటార్ షోలో గుడ్‌ఇయర్ టైర్ల కంపెనీ వేడినీ వంపునూ కరెంటుగా మార్చే నమూనా టైరును చూపించింది.

దీంతో బండి నడుస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. టైరును అణిచే శక్తి డీజిల్ నుంచి వచ్చిందే. చేతికందేది సాధారణంగా మిల్లీవాట్లలోనే ఉంటుంది. కానీ అప్పుడప్పుడు ఒక సంకేతం పంపే సెన్సర్‌కు అది చాలు. లారీ వెనక జంట టైర్లలో లోపలిది క్లీనర్ రాడ్డుకు సరిగా అందదు. ముందు ఆ టైరుకే ఇలాంటి సెన్సర్ కావాలి.