ఉత్పత్తి పద్ధతులపై అపోహలు - వాస్తవాలు: కొత్త మిషన్ కొనే ముందు ఒకసారి చదవండి

వరంగల్, కరీంనగర్, సిరిసిల్ల వైపు చిన్న, మధ్య తరహా యూనిట్లకు ప్రొడక్షన్ ప్లానింగ్ చూసిపెట్టడం నా పని. ఎక్కడికి వెళ్లినా ఓనర్లు ముందు అడిగేది మిషన్ గురించే. ఏది కొనాలి, ఎంత స్పీడు, లోన్ ఎంత వస్తుంది అని. మన దగ్గరికి వచ్చే ఆర్డర్లు ఎలాంటివి, ఎన్ని రకాలు, ఒక్కో రకం ఎన్ని పీసులు అన్న మాట చివర్లో గానీ రాదు. నిజానికి మొత్తం పద్ధతిని నిర్ణయించాల్సింది ఆ లెక్కే. ఈ వరుస తారుమారై, చేతిలో మంచి పనితనం ఉన్నవాళ్లు కూడా అప్పుల్లో కూరుకుపోవడం చూస్తుంటే బాధేస్తుంది, అందుకే కూర్చుని రాస్తున్నా.

అపోహ: జాబ్ వర్క్ అంటే కింది మెట్టు, బ్యాచ్ దాని పైది, లైన్ పెడితేనే పెద్ద కంపెనీ.

వాస్తవం: ఇవి మెట్లు కావు. రకాలు ఎక్కువ, ఒక్కో రకం కొన్నే అయితే జాబ్ పద్ధతి. కొన్ని రకాలను వంతులవారీగా మార్చుకుంటూ చేస్తే బ్యాచ్. ఒకే రకం లక్షల్లో పోతే లైన్. విడి పీసు అంటూ లేకుండా రాత్రింబవళ్లు నడిచేది కంటిన్యువస్, రామగుండంలో ఎన్టీపీసీ కరెంటు, అక్కడి యూరియా ఫ్యాక్టరీ ఈ రకం. 1979లో హేస్, వీల్‌రైట్ అనే ఇద్దరు అమెరికా ప్రొఫెసర్లు దీన్ని ఒక పట్టికలా గీసి చూపించారు: ఒకవైపు రకాలు, పరిమాణం, ఇంకోవైపు పద్ధతి, రెండూ పొసిగిన చోటే యూనిట్ నిలబడుతుంది. 1913లో ఫోర్డ్ కంపెనీ హైలాండ్ పార్క్‌లో కదిలే లైన్ పెట్టాక, పన్నెండున్నర గంటలు పట్టే ఛాసిస్ బిగింపు మరుసటి ఏడాదికల్లా 93 నిమిషాలకు దిగింది. అయితే అక్కడ చేసింది ఒకే మోడల్ కారు. మన పెంబర్తిలో ఇవాళ గుడి ధ్వజస్తంభానికి ఇత్తడి తొడుగు చేస్తారు, రేపు సన్మానాలకిచ్చే జ్ఞాపిక చేస్తారు, అక్కడికి లైన్ తెచ్చి ఏం చేస్తాం? ఆ పనికి జాబ్ పద్ధతే సరైనది, ధర కూడా ఆ లెక్కనే కట్టుకోవాలి.

అపోహ: ఆర్డర్ మీద చేసేదంటే చిన్న పని, స్టాక్ కోసం చేసేదంటే పెద్ద పని.

వాస్తవం: ఎప్పుడు చేస్తాం అన్నది ఒక ప్రశ్న, ఎలా చేస్తాం అన్నది ఇంకో ప్రశ్న. పండక్కి ఆడవాళ్లకు పంచడానికి తెలంగాణ ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన బతుకమ్మ చీరలనే చూడండి. సిరిసిల్ల సాంచాల (పవర్‌లూమ్‌ల) మీద లక్షల్లో చీరలు నేశారు, ప్రతి ఒక్కటీ ఆర్డర్ మీద నేసిందే. అంటే ఆర్డర్ మీద జరిగిన మాస్ ప్రొడక్షన్. ఇలాంటి పనిలో టెన్షన్ అంతా సాంచా దగ్గర ఉందనుకుంటారు, అసలు ఇరుకు దానికంటే ముందే మొదలవుతుంది. నూలు రావాలి, వార్పింగ్ (పడుగు తయారీ) జరగాలి, బీము ఎక్కాలి, పోగులు అతికే వైపని పూర్తి కావాలి, అప్పటిదాకా ఎన్ని సాంచాలున్నా చప్పుడే ఉండదు. పండగ తేదీ మాత్రం వెనక్కి జరగదు కదా. ఆర్డర్ నెల ఆలస్యంగా చేతికొస్తే ఆ నెల భారం మొత్తం చివర్లో నేసేవాళ్ల మీదే పడుతుంది.

అపోహ: ఒక యూనిట్ అంటే ఒకే రకం ఉత్పత్తి.

వాస్తవం: మన బాయిల్డ్ రైస్ మిల్లు గేటు దగ్గర్నుంచి ఒకసారి నడిచి చూడండి. వడ్లు ట్యాంకుల్లో నానడం, ఆవిరి పట్టడం, డ్రైయర్‌లో ఆరడం చాలా మిల్లుల్లో బ్యాచ్ పని, ఒక ట్యాంకు ఖాళీ అయితేనే ఇంకోటి నింపేది. ఆరిన వడ్లు పొట్టు తీసే షెల్లర్‌లో పడ్డ దగ్గర్నుంచి పాలిషర్, సార్టెక్స్ (రంగు మారిన గింజలు ఏరే మిషన్) దాటి సంచిలో చేరేదాకా ఒకటే ధార. రెండు పద్ధతులు ఒకే షెడ్డులో ఉన్నాయి, వాటి మధ్య బిన్నులు ఉన్నది అందుకే. ఈ సంగతి పట్టించుకోకుండా షెల్లర్ కెపాసిటీ పెంచినవాళ్లు ఉన్నారు. తేమ 14 శాతం దగ్గరికి దిగేదాకా డ్రైయర్ వడ్లను వదలదు, ఇంత పెద్ద షెల్లర్ దాని కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. యాసంగి వడ్లు ఎండలకు నూక ఎక్కువై బాయిల్డ్‌కే ఎక్కువగా పోతాయి, ప్రభుత్వం మర ఆడించడానికి ఇచ్చిన వడ్లకైతే క్వింటాలుకు 68 కిలోల బియ్యం గడువులోపు తిరిగి అప్పజెప్పాలి. ఆ గడువు తప్పకూడదనుకుంటే డబ్బు పెట్టాల్సింది డ్రైయర్ మీద.

అపోహ: మిషన్ ఆగితే నష్టం, నడుస్తూ ఉంటే లాభం.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ డబ్బు తగలేసే అపోహ ఇదేనని నా అభిప్రాయం, కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తా. వరంగల్ కొత్తవాడ తరహాలో దరీలు (జంపఖానాలు) నేసే ఒక యూనిట్ అనుకోండి. రోజుకు 20 దరీలు పూర్తయి బయటికి పోతాయి. అద్దకం నుంచి ప్యాకింగ్ దాకా లోపల సగం పనిలో ఉన్నవి 300. అలాంటప్పుడు ఈరోజు లోపలికి వెళ్లిన ఆర్డర్ బయటికి రావడానికి 15 రోజులు పడుతుంది, మగ్గం మీద దాని అసలు పని ఎంత తక్కువైనా సరే. ఇది లిటిల్స్ లా, జాన్ లిటిల్ 1961లో రుజువు చేసిన లెక్క: లోపలున్న సరుకును రోజుకు పోయే సరుకుతో భాగిస్తే పట్టే సమయం. ఇప్పుడు అద్దకం వాళ్లు ఖాళీగా ఉన్నారని ఇంకో 100 దరీలకు సరిపడా నూలు రంగు వేయించారు. మగ్గాలు పెరగలేదు, రోజుకు పోయేవి అవే 20. రంగు నూలు చిలపలు కుప్ప పడ్డాయి, 15 రోజులది 20 రోజులైంది, నూలుకు పెట్టిన డబ్బు అన్ని రోజులూ అక్కడే ఇరుక్కుంది. పైగా ఆ కుప్పలో అర్జంటు ఆర్డర్ తాలూకు ఎర్ర నూలు ఎక్కడుందో వెతుక్కోవడం ఒకటి. అద్దకం వాళ్లు ఆ పూట ఖాళీగా ఉన్నా యూనిట్‌కు పోయేదేం లేదు, మగ్గం ఆగితే మాత్రం ఆ గంట మళ్లీ రాదు. ఏది ఆగితే నష్టమో, ఏది ఆగినా ఫర్వాలేదో విడదీసి తెలుసుకోవాలి.

దీనికి జోడీగా ఇంకో మాట వినపడుతుంది, పెద్ద బ్యాచ్ వేస్తే చవక అని. ఒక రంగు నుంచి ఇంకో రంగుకు మారడానికి తొట్టి కడగడం, రంగు కలపడం, శాంపిల్ చూడడం, ఇదంతా ఖర్చే, అందుకే పెద్ద బ్యాచ్ మీద మోజు. నేనైతే ముందు ఆ మార్పిడి టైమే తగ్గించమంటా. 1969లో టయోటాలో 1,000 టన్నుల ప్రెస్సుకు అచ్చులు మార్చడానికి 4 గంటలు పట్టేది. షింగో షిగెయో, అక్కడి పనివాళ్లు కలిసి ముందు గంటన్నరకు, ఆ తర్వాత 3 నిమిషాలకు దించారు. మిషన్ ఆపాక చేసే పనుల్లో వీలైనవన్నీ అది నడుస్తుండగానే సిద్ధం చేసిపెట్టుకోవడం అందులో అసలు సూత్రం. రంగు పొడులు ముందే తూచి పొట్లాలు కట్టి పెట్టుకోవడానికి మనకు పైసా ఖర్చు లేదు.

అపోహ: సాఫ్ట్‌వేర్ పెడితే ప్రాసెస్ అదే దారికొస్తుంది.

వాస్తవం: ప్రాసెస్ అంటే ఆర్డర్ వచ్చినప్పటి నుంచి డబ్బు చేతికొచ్చేదాకా ఎవరు ఎవరికి ఏం అందిస్తారన్నది. ఒక యూనిట్‌లో కస్టమర్ 4 అడుగుల వెడల్పు వద్దు, 5 అడుగులు కావాలని ఓనర్‌కు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఓనర్ సరే అన్నాడు. నేసేవాళ్లకు ఆ మాట చేరేసరికి పడుగు సిద్ధమైపోయింది. అక్కడ కంప్యూటర్‌లో మంచి సాఫ్ట్‌వేరే ఉంది, అందులో మాత్రం ఇంకా 4 అడుగులనే ఉంది. సైజు మార్పు ఎవరు ఒప్పుకోవాలి, ఏ దశ దాటాక ఒప్పుకోకూడదు అని ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి, సాఫ్ట్‌వేర్ సంగతి ఆ తర్వాత చూద్దాం.

అపోహ: జస్ట్ ఇన్ టైమ్ (సరుకు సరిగ్గా అవసరమైన టైముకే తెప్పించుకోవడం) అంటే స్టాకే ఉండకూడదు.

వాస్తవం: పంట మీద నడిచే యూనిట్‌కు ఇది అసలు కుదరదు. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి సీజన్‌లోనే పోటెత్తుతుంది, జిన్నింగ్ మిల్లు అప్పుడే కొనుక్కోవాలి. స్టాక్ ఉండాలా వద్దా అని కాదు, ఏ రూపంలో ఉండాలన్నది చూసుకోవాలి. దరీల యూనిట్‌లో తెల్ల నూలు నిల్వ ఉంటే రేపు ఏ ఆర్డర్ వచ్చినా పనికొస్తుంది. నీలం రంగు వేసేశాక అది నీలం ఆర్డర్ కోసం ఎదురుచూడాల్సిందే. నేసి మడతపెట్టిన దరీ అయితే ఆ సైజు, ఆ డిజైన్ అడిగేవాడు రావాలి. అందుకే తెల్ల నూలు దండిగా పెట్టుకుని, అద్దకం ఆర్డర్ చేతికొచ్చాకే మొదలుపెట్టమంటా. ఏడాది పొడవునా కదిలే రెండు మూడు డిజైన్లు ఏ యూనిట్‌లోనైనా ఉంటాయి, వాటిని మాత్రం ఆర్డర్ కోసం ఆగకుండా నేసి పెట్టుకోవచ్చు.