మన వీధిలో షూటింగ్: మనవలకు అమ్మమ్మ ఉత్తరం

కొవ్వూరు

చిరంజీవులైన మనవడికీ మనవరాలికీ అమ్మమ్మ ఆశీస్సులు.

మన వీధిలో సినిమా తీస్తున్నారని చెప్పగానే మీరిద్దరూ ఒకరి మీద ఒకరు పడి ప్రశ్నలు అడిగారు. పట్టపగలు దీపాలెందుకు, ఒకే మాట అన్నిసార్లు ఎందుకు చెప్పిస్తారు, ఆ పలక ఎందుకు కొడతారు, మేమూ నటించవచ్చా అని. ఫోనులో సగం కూడా చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

ముందు దీపాల సంగతి. వీధి వీధంతా హీరోను చూస్తుంటే నేను ఎక్కువసేపు చూసింది వాటినే. మన కన్ను మహా నేర్పరి. నీడలో ఉన్న అరుగు మీద కూర్చున్న మనిషి ముఖమూ, వెనక ఎండలో మెరిసే వీధీ రెండూ దానికి ఒకేసారి కనబడతాయి. కెమెరాకు అంత శక్తి లేదు. ముఖం కనబడేలా సరిచేస్తే వీధి తెల్లగా పాలిపోతుంది, వీధి కనబడేలా సరిచేస్తే ముఖం నల్లబడుతుంది. కిటికీకి వీపు పెట్టి నిలబడి ఫోనుతో ఫొటో తీయించుకోండి, మీకే తెలుస్తుంది. అందుకని ముఖం మీదికి వెలుగు పంపి ఆ తేడాను తగ్గిస్తారు. దీపం నేరుగా కొడితే నీడలు మరీ కరకుగా పడతాయి కనుక, చట్రానికి బిగించిన పల్చటి తెల్లగుడ్డ గుండా దాన్ని మెత్తబరుస్తారు. లేదా థర్మోకోల్ అట్ట మీద పడేసి ముఖం వైపు మళ్లిస్తారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. మన ఊళ్లో సూర్యుడు గోదావరి మీదుగా ఉదయిస్తాడు కదా. పొద్దున ఎదురింటి అరుగు మీద నిండుగా పడిన ఎండ మధ్యాహ్నానికి ఇంటి వెనక్కి వెళ్లిపోయింది. కథలో ఆ అరుగు మీద ఇద్దరు మాట్లాడుకునేది కాసేపే, దాన్ని తీసేది మాత్రం రోజంతా. జారిపోయిన ఆ పొద్దుటి ఎండను సాయంత్రం దాకా దీపాలతో పుట్టిస్తూనే ఉండాలి. మబ్బు పట్టిందంటే అంతమందీ పని ఆపి ఆకాశం వైపు చూడవలసిందే. షూటింగ్ చూడడం విసుగని మీ నాన్న అన్నాడు. ఆ ఎదురుచూపంతా వెలుగు కోసమని తెలిస్తే విసుగు రాదు.

ఒకే మాట అన్నిసార్లు ఎందుకంటే, తప్పు జరిగిందని మాత్రమే కాదు. ముందు ఇద్దరూ కనబడేలా దూరం నుంచి తీస్తారు. తర్వాత ఒక్కొక్కరి ముఖం దగ్గరగా. చోటు మారిన ప్రతిసారీ కెమెరా, దీపాలు అన్నీ మారతాయి, మాటలు మాత్రం మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. ఏ మాట దగ్గర చెయ్యి ఎత్తిందో మళ్లీ అక్కడే ఎత్తాలి. గ్లాసులో కాఫీ అంతే ఉండాలి, జడలో మల్లెపూలు వాడిపోతే అలాంటి దండే కొత్తది పెట్టాలి. ఇదంతా గుర్తుపెట్టుకునే సహాయ దర్శకురాలు ఒక అమ్మాయి ఉంది. కాగితాల కట్ట పట్టుకుని ఎండలో నిలబడే ఉంది పాపం. దగ్గరగా తీసేటప్పుడు కొన్నిసార్లు ఎదుట అసలు మనిషే ఉండడు. ఎవరో ఎత్తి పట్టుకున్న పిడికిలి వైపు చూస్తూ ఆ నటి కన్నీళ్లు పెట్టుకుంది! అందుకే ఆమె చూపు పడే చోట ఎవరినీ నిలబడనివ్వలేదు. మీరు ఎప్పుడైనా చూడబోతే కెమెరా వెనక, ఆ చూపుకు అడ్డురాకుండా నిలబడండి.

ఇక పలక, అంటే క్లాప్. బొమ్మను, శబ్దాన్ని వేర్వేరు యంత్రాలు పట్టుకుంటాయి. సినిమాలో సెకనుకు 24 బొమ్మలు. పలక మూసుకున్న బొమ్మకూ ఆ టక్కుమన్న శబ్దానికీ జత కుదిర్చితే మిగతాదంతా తనంతట తానే సరిపోతుంది. కథను వరుసగా తీయరు కాబట్టి, ఏ సీను, ఏ షాటు, ఎన్నోసారి అన్నది కూడా దాని మీదే రాస్తారు.

బరువైన దీపాల స్టాండ్లు మోసేదీ, జనరేటర్ వ్యాను నుంచి తీగలు లాగేదీ లైట్‌మెన్. అందరికంటే ముందు వచ్చి అందరికంటే చివర వెళ్లేది వాళ్లే. సినిమాలో 24 క్రాఫ్టులని అంటారు, అంటే అన్ని రకాల పనివాళ్లు. 2025 ఆగస్టులో తెలుగు సినీ కార్మికులు జీతాలు పెంచాలని సమ్మె చేస్తే రెండు వారాలకు పైగా షూటింగులు నిలిచిపోయాయి. నాకు వాళ్లు అడిగింది న్యాయంగానే తోచింది.

దీపం కట్టడానికి మన వేపచెట్టుకు మేకు కొట్టబోతే వద్దన్నాను. వెంటనే తాడుతో కట్టుకున్నారు. చెట్టంటే మన కొవ్వూరు దగ్గరి కుమారదేవం ఊరు గుర్తొచ్చింది. అక్కడ గోదావరి గట్టు మీద ఉన్న నిద్రగన్నేరును అందరూ సినిమా చెట్టనే పిలిచేవారు, ఎన్నో సినిమాల్లో కనబడింది. 2024 ఆగస్టులో వరదల వేళ ఆ మహావృక్షం కూలిపోయింది. మిగిలిన మొదలును బతికించాలని పూనుకుంటే మళ్లీ చిగుళ్లు వేసింది. ఈసారి వచ్చినప్పుడు తీసుకెళ్తాను.

చివరగా, తల్లీ, నటించవచ్చా అన్నావు. నటించవచ్చు, కానీ పిల్లల కోసం చట్టం ఉంది. నిర్మాత ముందుగా జిల్లా కలెక్టర్ అనుమతి తీసుకోవాలి. రోజుకు 5 గంటలు మించకూడదు, విశ్రాంతి లేకుండా 3 గంటలు దాటకూడదు, చదువు పోకూడదు. వచ్చిన డబ్బులో కనీసం 20 శాతం నీ పేరు మీద బ్యాంకులో డిపాజిట్ చేయాలి. అన్నిటికంటే ముందు నీకు ఇష్టం ఉండాలి, ఇష్టం లేకుండా ఎవరూ నటింపజేయకూడదు. ఇవన్నీ ఒప్పుకునేవాళ్లు అడిగితే అప్పుడు మీ అమ్మతో నేనే మాట్లాడతాను.

ఇట్లు,
మీ అమ్మమ్మ