ఉప్పును వదలని మూత్రపిండాలు

ఆ అమ్మాయికి 16 ఏళ్లు. అంత చిన్న వయసులోనే విపరీతమైన రక్తపోటు, రక్తంలో పొటాషియం తక్కువ. తోబుట్టువులకూ అదే బాధ. ఈ రెండూ కలిసి కనిపిస్తే, మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథిలో ఆల్డోస్టెరాన్ అనే, ఉప్పును పట్టి ఉంచమని మూత్రపిండాలకు చెప్పే హార్మోన్ ఎక్కువగా ఊరుతోందని అనుమానిస్తారు. పరీక్షిస్తే ఆ హార్మోన్ ఉందా లేదా అన్నట్టుంది. అమెరికా వైద్యుడు గ్రాంట్ లిడిల్ 1963లో సహచరులతో కలిసి ఈ కుటుంబం గురించి రాస్తూ, లోపం మూత్రపిండాల్లోనే ఉండాలన్నారు. పాతికేళ్ల తర్వాత ఆమె మూత్రపిండాలు పాడై, 1989లో వేరొకరి మూత్రపిండం అమర్చారు. బీపీ దిగివచ్చింది, పొటాషియం సర్దుకుంది.

మన మూత్రపిండాలు రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడకడతాయి. అందులో కరిగి ఉన్న ఉప్పు, కిరాణా కొట్లో కొనే కిలో ప్యాకెట్‌ కంటే ఎక్కువే. నూటికి 99 వంతులు తిరిగి రక్తంలోకే చేరుతుంది. మిగిలిన కాస్తను ఉంచుకోవాలా, విడిచిపెట్టాలా అన్నది మూత్రనాళికల చివరనున్న, ఉప్పులోని సోడియంను లోపలికి రానిచ్చే సోడియం ద్వారాలు తేలుస్తాయి. ఉప్పు నిలిస్తే నీరూ నిలుస్తుంది, రక్తం పరిమాణం పెరుగుతుంది, దాంతో పోటు పెరుగుతుంది.

1994లో యేల్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ లిఫ్టన్ బృందం ఆ కుటుంబంలోని దోషాన్ని పట్టుకుంది. సోడియం ద్వారాన్ని తయారుచేసే జన్యువులో ఒక్క అక్షరం మారి, ప్రోటీన్ తోక తెగిపోయింది. ఆ తోకే అసలు కీలకం. మామూలుగా కణం ఆ తోకను పట్టుకునే, పని తీరిన ద్వారాలను లోపలికి లాగేస్తుంది. తోక లేకపోతే పట్టు దొరకదు, ద్వారాలు కణం పైపొర మీదే పేరుకుపోతాయి, హార్మోన్ పిలవకపోయినా ఉప్పును లాగుతూనే ఉంటాయి. అందుకే ఆల్డోస్టెరాన్‌ను అడ్డుకునే స్పిరోనోలాక్టోన్ మందు వీరికి పనిచేయదు. ద్వారాన్నే మూసే అమిలోరైడ్ పనిచేస్తుంది. ఒక జన్యువు గురించి తెలిస్తే ఏ మాత్ర ఇవ్వాలో తేలిపోవడం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.

దీనికి తిరగబడ్డ జబ్బు గిటెల్‌మాన్ సిండ్రోమ్. అందులో ఉప్పు మూత్రంలో పోతూనే ఉంటుంది, బీపీ తక్కువగా ఉంటుంది. బీపీకి చాలామంది రోజూ వేసుకునే థయజైడ్ మాత్రలు, ఈ జబ్బులో పాడయ్యే ప్రోటీన్‌నే అడ్డుకుంటాయి.

సాధారణ రక్తపోటుకు ఇలా ఒక్క జన్యువు బాధ్యత వహించదు. వందలాది జన్యుస్థానాలు తలా కొంచెం చెయ్యి వేస్తాయి. అయినా ఉప్పు జాడ అక్కడా ఉంది. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణవాసులలో 64 మందిలో ఒకరికి, మూత్రపిండం ఉప్పును నిలుపుకొనే మూడు జన్యువులలో ఒకదానిలో అరుదైన మార్పు ఉన్నట్టు లిఫ్టన్ బృందం 2008లో చూపింది. ఆ జన్యువుకున్న రెండు ప్రతుల్లో ఒక్కదానిలోనే లోపం కాబట్టి వారికి జబ్బు లేదు. 60 ఏళ్ల వయసుకు వారి పై బీపీ మిగతావారికంటే సగటున 9 పాయింట్లు తక్కువ.