జిమ్మీ కడుపు గొడవ: మందు కాదు, ముందు కారణం

చి. హర్షకు, చి. వెన్నెలకు,
తాతయ్య దీవెనలు.

మీ కుక్క జిమ్మీకి మళ్ళీ విరేచనాలు పట్టుకున్నాయని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మాత్రలు వేసినన్నాళ్ళూ బాగానే ఉంటుందట, ఆపగానే మళ్ళీ మొదటికొస్తుందట. ‘తాతయ్య పశువుల డాక్టరేగా, ఇంకో మంచి మందు చెప్పమను’ అని హర్ష వెనకాల నుంచి అరవడం కూడా వినబడింది. మందు పేరు చెప్పనురా. ఏ చెత్తో తిని ఒకటి రెండు రోజులు కడుపు పాడైతే చాలాసార్లు దానంతటదే సర్దుకుంటుంది. మూడు వారాలు దాటినా తగ్గుతూ పెరుగుతూ ఉందంటే కారణం లోపలైనా ఉండాలి, లేదా మన చేతులతో మనమే రోజూ పెడుతుండాలి. అది తేలకుండా యాంటీబయాటిక్‌లు మార్చి మార్చి వేస్తే పేగుల్లో ఉండాల్సిన మంచి బ్యాక్టీరియా కూడా దెబ్బతింటుంది.

ముందు చూడాల్సింది దాని మలం. ఛీ అనకండి. 1681లో హాలండ్‌లోని డెల్ఫ్ట్ ఊళ్ళో లీవెన్‌హుక్ అనే బట్టల వ్యాపారి, కడుపు చెడినప్పుడు తన మలాన్నే తను తయారుచేసుకున్న సూక్ష్మదర్శినితో చూశాడు. అందులో కదులుతున్న ప్రాణులు కనిపించాయని ఉత్తరం రాశాడు. ఆయన వర్ణనను బట్టి అవి పేగుల్లో బతికే జియార్డియా అనే ఏకకణ పరాన్నజీవులు అయ్యుంటాయని ఇప్పటివాళ్ళు అంటారు. కుక్కల కడుపును వారాల తరబడి పాడుచేసేవాటిలో ఆ జియార్డియా కూడా ఒకటి, అందుకే చెప్పాను.

సరే, ఏం చూడాలి? రోజుకు రెండు మూడు సార్లే వెళ్తూ, వెళ్ళినప్పుడల్లా బోలెడంత పోతూ, ఒళ్ళు తగ్గిపోతుంటే గొడవ ఎక్కువగా చిన్నపేగులో. కొంచెం కొంచెంగా పదే పదే వెళ్తూ, ముక్కుతూ, చివర్లో జిగురో ఎర్రటి నెత్తుటి చుక్కో పడుతుంటే పెద్దపేగులో. అర్ధరాత్రి తలుపు గీకి లేపుతోందంటే ఈ రెండో రకమే అయ్యుండొచ్చు. మలం తారులా నల్లగా ఉంటే పైనెక్కడో నెత్తురు కారి, అరిగి వస్తోందని అర్థం. అప్పుడు పెదవి పైకెత్తి చిగుళ్ళు చూడండి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడ్డ చోటు రెండు సెకన్లలో మళ్ళీ గులాబీ రంగుకు రావాలి. చిగుళ్ళే పాలిపోయి ఉంటే పేగుల్లో ఉండే కొంకి పురుగులు (హుక్‌వార్మ్‌లు) నెత్తురు తాగేస్తున్నాయేమో చూడమని డాక్టరుగారిని అడగాలి. మన తేమ నేలల్లో ఈ పురుగుల లార్వాలు బాగా బతుకుతాయి. చర్మంలోంచి దూరగలవు కూడా, మనుషుల చర్మమైనా సరే. జిమ్మీ వెళ్ళే చోట చెప్పుల్లేకుండా తిరగొద్దు.

వాంతి సంగతీ గమనించండి. పొట్ట ఎగరేస్తూ కక్కితే వాంతి. ఏ అవస్థా లేకుండా తిన్నది తిన్నట్టే జారిపడితే ఆహారనాళంలో ఏదో ఉంది, దాని వెతుకులాట వేరు.

మల పరీక్ష ఒకసారి చేయించామనీ, ఏమీ లేదన్నారనీ అమ్మ చెప్పింది. ఒక్కసారి చాలదు. జియార్డియా రోజూ మలంలో బయటపడదు, ఒకరోజు కనబడితే రెండ్రోజులు కనబడకపోవచ్చు. అందుకే మూడు వేర్వేరు రోజుల మలం చూడాలి. మూత గట్టిగా పట్టే చిన్న డబ్బాలో, మట్టి అంటని భాగం తీయండి, చేతికి కవరు తొడుక్కుని. వెంటనే తీసుకెళ్ళలేకపోతే ఫ్రిజ్‌లో పెట్టొచ్చు, అమ్మ ఒప్పుకుంటే. ఇంకోమాట. మూడు నెలలకోసారి ఒక్క పూట వేసే పురుగుల మాత్రను నమ్ముకుని జియార్డియా పోయిందనుకోవడానికి లేదు, దానికి వరసగా కొన్ని రోజులు వేసే మందు ఉంది. ఆ మందు వేశాక జిమ్మీకి, ముఖ్యంగా వెనక వైపు, సబ్బుతో స్నానం చేయించాలి. లేకపోతే బొచ్చుకు అంటుకున్నది నాకి మళ్ళీ లోపలికి పంపించుకుంటుంది.

పురుగులూ జియార్డియా లేవని తేలితే నా అనుమానమంతా తిండి మీదే. చిన్న వయసు కుక్కల్లో ఇలా సాగే కడుపు జబ్బులు చాలావరకు తిండి మారిస్తేనే దారికొస్తాయి. ‘డాగ్ ఫుడ్ తప్ప ఏమీ పెట్టం తాతయ్యా’ అంటారు మీరు. మీ ఇంట్లో నాలుగు రోజులున్నాను, నాకు తెలియదా! పొద్దున నాన్న కాఫీ తాగుతూ విరిచి పడేసే బిస్కెట్టు, మీ నానమ్మ పెట్టే పెరుగన్నం, ఆదివారం చికెన్ కూరలో ముక్కలు, టేబుల్ కింద నుంచి వెన్నెల అందించే పరోటా. కూర ముక్కలు ఈ రోజు నుంచే బంద్. ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్కల నెత్తుటి కణాలను దెబ్బతీస్తాయి, ఎముకలు పేగుకు గుచ్చుకుంటాయి. మిగతావన్నీ ఒక నోటు పుస్తకంలో రాయండి, ఎవరు ఎప్పుడు ఏం పెట్టారో. దాచొద్దు, ఎవరినీ తిట్టనని అమ్మ చేత ఒట్టు వేయించుకోండి.

కుక్కలకు ఎక్కువగా పడనివి గొడ్డుమాంసం, పాల పదార్థాలు, కోడిమాంసం, గోధుమ. రోజూ తినే తిండి పడకపోవడమేంటని హర్ష అడుగుతాడు. ఎలర్జీ అంతకుముందు ఒంటికి అలవాటైన దాని మీదే వస్తుంది, అందుకే ఏళ్ళ తరబడి తిన్నదే ఒకరోజు పగబడుతుంది. దాన్ని పట్టుకోవడానికి నెత్తురు పరీక్షలు అమ్ముతుంటారు. వాటి మీద డబ్బు పోయకండి, నమ్మదగ్గవి కావు. పనికొచ్చేది ఒక్కటే, జిమ్మీ ఎన్నడూ తినని మాంసమూ ఎన్నడూ తినని పిండిపదార్థమూ మాత్రమే పెట్టి చూడటం. చికెనూ అన్నమూ తిన్న కుక్క కాబట్టి చేపా బంగాళాదుంపా కావచ్చు, లేదా డాక్టరుగారు రాసే ప్రత్యేకమైన ప్యాకెట్టు తిండి కావచ్చు. పాత తిండిలోంచి కొత్తదానికి మెల్లిగా, వారం రోజుల్లో మార్చండి. కడుపు జబ్బుకు సాధారణంగా రెండు మూడు వారాల్లో తేడా తెలిసిపోతుంది.

అసలు పరీక్ష జిమ్మీకి కాదు, ఇంటిల్లిపాదికీ. ఒక్క బిస్కెట్టు పడ్డా మళ్ళీ మొదటినుంచీ మొదలెట్టాలి. నమిలి తినే పేలు మందు బిళ్ళల్లో కూడా మాంసం వాసన కలిపి ఉంటుంది, వాటి సంగతి డాక్టరుగారికి చెప్పి వేరే రకం అడగండి.

తగ్గిందనుకోండి, అప్పుడు పాత తిండి మళ్ళీ పెట్టి చూడాలి! ‘ఇదేం విడ్డూరం, బాగైనదాన్ని చెడగొట్టడమా’ అని మీ నానమ్మ తప్పకుండా అంటుంది. కానీ మళ్ళీ పెడితే మళ్ళీ కడుపు చెడితేనే దొంగ దొరికినట్టు. లేకపోతే అది తిండి వల్ల తగ్గిందో, కాలం మారి తగ్గిందో తెలియదు. ఒక్కో వస్తువూ విడిగా, మధ్యలో కొన్ని రోజులు ఆగి పెట్టండి.

తిండి మార్చినా తగ్గకపోతే వేరే జబ్బుల కోసం నెత్తురు పరీక్షలకు వెళ్ళాలి. ఆకలితో తెగ తింటూ చిక్కిపోయే కుక్కకు తిండి అరిగించే రసాలు ఇచ్చే క్లోమం పనిచేయకపోవచ్చు, జర్మన్ షెపర్డ్‌లలో ఇది ఎక్కువ. మూత్రపిండాల దగ్గరుండే అడ్రినల్ గ్రంథులు మందగించినా కడుపు గొడవ ఇలాగే వచ్చిపోతూ ఉంటుంది. వాటికి వేరే పరీక్షలున్నాయి, విటమిన్ బి12 కూడా చూస్తారు. ఆ తర్వాతే స్కానింగు, పేగు ముక్క తీసి చూడటం.

కక్కబోయి ఏమీ రాక, పొట్ట ఉబ్బిపోతుంటే మాత్రం నోటు పుస్తకం పక్కన పడేసి ఆ క్షణమే ఆసుపత్రికి పరుగెత్తండి, గంటల్లో ప్రాణం పోతుంది. ఇంట్లో ఉన్న ఇబుప్రోఫెన్ లాంటి మన మాత్రలేవీ వేయొద్దు.

మూడో డబ్బా ఫలితం రాగానే ఫోన్ చేయండి. నోటు పుస్తకం ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెట్టండి. వెన్నెల దస్తూరీలో రాస్తే నయం, హర్ష రాసింది నేను చదవలేను.

మీ తాతయ్య