మందం పెంచితే సరిపోతుందా? మెరైన్ ఇంజనీర్ల స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్: అపోహలు - వాస్తవాలు

మెరైన్ ఇంజనీరింగ్ విద్యార్థులు ఈ పేపరులో మంచి మార్కులే తెచ్చుకుంటారు. సూత్రం రాస్తారు, విలువలు వేస్తారు, జవాబు కింద రెండు గీతలు గీస్తారు. అదే పిల్లలకు ఇంజన్ రూమ్‌లో పగిలిన పైపు చూపించి ఏం చేద్దామని అడిగితే ఎక్కువ మంది చెప్పేది ఒకటే: "ఇంకాస్త మందమైనది వేద్దాం సార్." సూత్రాలు నోటికి వచ్చినా ఆ నమ్మకం మాత్రం చెక్కుచెదరదు. నేను తరగతిలో తరచూ వినే అపోహల్లో చాలావరకు దాని సంతానమే.

అపోహ: హై టెన్సైల్ స్టీలు వాడితే ఓడ అన్ని విధాలా బలపడుతుంది.

ఈల్డ్ స్ట్రెస్ (ఉక్కు శాశ్వతంగా సాగడం మొదలయ్యే స్ట్రెస్; స్ట్రెస్ అంటే యూనిట్ వైశాల్యం మీద పడే బలం) వరకు నిజమే. మామూలు ఓడ ఉక్కుకు అది 235 మెగాపాస్కల్ అయితే, ఏహెచ్36 అనే హై టెన్సైల్ రకానికి 355. కానీ రెండింటి యంగ్స్ మాడ్యులస్ (లోడుకు ఎంత సాగుతుందో, వంగుతుందో తేల్చే గుణం) ఒకటే, సుమారు 200 గిగాపాస్కల్. అంతే కొలతలు, అంతే లోడు అయితే రెండూ ఒకేలా వంగుతాయి. ఖరీదైన ఉక్కు కదా అని ప్లేటు మందాన్ని 235/355 నిష్పత్తిలో తగ్గించారనుకోండి. బక్లింగ్ స్ట్రెస్ (నొక్కుడుకు ప్లేటు ఉబ్బి వంగిపోయే స్ట్రెస్) మందం వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి అది పాత విలువలో 44 శాతానికి పడిపోతుంది. పైగా మందం తగ్గించిన డిజైనర్ ఆ ప్లేటు మీద పనిచేసే స్ట్రెస్‌ను పెంచాడన్న సంగతి మరచిపోకండి.

ఫెటీగ్ (పదే పదే మారే స్ట్రెస్ వల్ల మెల్లగా పగలడం) సంగతి ఇంకా చేదు. వెల్డు చేసిన జాయింటు ఫెటీగ్ బలానికీ ఉక్కు గ్రేడుకూ దాదాపు సంబంధం లేదు. స్ట్రెస్ హెచ్చుతగ్గులు ఒకటిన్నర రెట్లయితే, ఆయుష్షు దాని మూడో ఘాతంతో తగ్గి మూడో వంతు కూడా మిగలదు. 1980ల చివర్లో హై టెన్సైల్ స్టీలు ధారాళంగా వాడి కట్టిన కొన్ని పెద్ద చమురు ట్యాంకర్లలో కొద్ది ఏళ్లకే సైడ్ లాంగిట్యూడినల్స్ (ఓడ పక్క ప్లేట్లకు పొడవునా దన్నుగా ఉండే కడ్డీలు) దగ్గర పగుళ్లు రావడానికి ఇదొక ముఖ్య కారణం. అందుకే క్లాసిఫికేషన్ సొసైటీల (ఓడల నిర్మాణ ప్రమాణాలు నిర్ణయించే సంస్థల) నియమాల్లో 355 ఉక్కుకు మెటీరియల్ ఫ్యాక్టర్ (కావలసిన కొలతలను ఎంత తగ్గించవచ్చో చెప్పే గుణకం) 0.72 అని ఉంటుంది. 235ను 355తో నేరుగా భాగిస్తే వచ్చేది 0.66. ఆ తేడా ఎందుకో పరీక్షలో ఎవరూ అడగరు. అడగాలి.

అపోహ: ఇ గ్రేడు ప్లేటు ఎ గ్రేడు కన్నా బలమైనది.

మామూలు ఓడ ఉక్కు గ్రేడులు ఎ, బి, డి, ఇ నాలుగింటికీ కనీస ఈల్డ్ 235 మెగాపాస్కలే. ఆ అక్షరం చెప్పేది చలిలో పెళుసుబారకుండా నిలిచే గుణం గురించి. చార్పీ పరీక్ష (ముక్కను లోలకం సుత్తితో కొట్టి, విరగడానికి పట్టే శక్తిని కొలిచేది) బి గ్రేడుకు 0 డిగ్రీల దగ్గర, డి గ్రేడుకు మైనస్ 20, ఇ గ్రేడుకు మైనస్ 40 దగ్గర చేస్తారు.

ఈ గొడవంతా ఎందుకంటే 1943 జనవరి 16న అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో జరిగినది చూడండి. సముద్ర పరీక్షలు అప్పుడే ముగించుకుని వచ్చిన స్కెనెక్టడీ అనే కొత్త ట్యాంకరు, అలలు లేని నీళ్లలో రేవుకు కట్టి ఉండగానే నడుమన దాదాపు రెండుగా చీలిపోయింది. డెక్కు మీద స్ట్రెస్ ఈల్డ్‌కు దరిదాపుల్లో కూడా లేదు. ఆ ఉక్కు చలిలో పెళుసుబారింది, వెల్డు లోపం దగ్గర పగులు మొదలైంది. రివెట్ల ఓడలో అయితే పగులు ప్లేటు అంచు దగ్గర ఆగే అవకాశం ఉండేది; వెల్డు చేసిన హల్ (ఓడ దేహం) మొత్తం ఒకే ముక్క, పగులుకు అడ్డేది? యుద్ధకాలపు వెల్డు ఓడల పగుళ్లలో ఉష్ణోగ్రత పాత్రను కేంబ్రిడ్జ్‌లో కాన్‌స్టన్స్ టిప్పర్ పరిశోధించి తేల్చారు.

అపోహ: షాఫ్టు మధ్యలో రంధ్రం చేస్తే బలం బాగా పోతుంది.

బయటి వ్యాసంలో సగం రంధ్రం చేసినా టార్షన్‌లో (మెలితిప్పే భారం కింద) పోయే బలం 6.25 శాతం, తగ్గే బరువు 25 శాతం. నడుమన ఉన్న లోహం ఎలాగూ పెద్దగా పనిచేయదు.

అపోహ: బోల్టును కాస్త వదులుగా బిగిస్తే దాని మీద భారం తగ్గుతుంది.

ప్రాణాంతకమైన అపోహ ఇది. నాలుగు స్ట్రోకుల జనరేటర్ ఇంజన్‌లో ఎగ్జాస్ట్ స్ట్రోకు చివర పిస్టన్‌ను కిందికి నొక్కే గ్యాసు పీడనం ఉండదు. పైకి దూసుకుపోయే పిస్టన్‌నూ కనెక్టింగ్ రాడ్‌నూ వెనక్కి లాగే పని బాటమ్ ఎండ్ బోల్టులది (రాడ్ కింది చివరను క్రాంక్‌షాఫ్టుకు పట్టి ఉంచేవి). సరిగా బిగించిన జాయింటులో ఆ లాగుడు, బోల్టు మీదా అది పట్టి ఉంచిన భాగాల మీదా వాటి వాటి స్టిఫ్‌నెస్ (సాగకుండా, నలగకుండా నిలిచే గుణం) ప్రకారం పంపిణీ అవుతుంది. ఆ భాగాలు బోల్టు కన్నా ఎంతో స్టిఫ్‌గా ఉంటాయి కాబట్టి బోల్టు స్ట్రెస్‌లో మార్పు స్వల్పం. బిగింపు చాలకపోతే జాయింటు విచ్చుకుని మొత్తం లాగుడు ప్రతిసారీ బోల్టు మీదే పడుతుంది. 720 ఆర్‌పీఎం దగ్గర అది నిమిషానికి 360 సార్లు; రెండు రోజులు తిరగకముందే పది లక్షలు దాటుతుంది.

ఆ బోల్టు నడుము సన్నగా ఎందుకు చెక్కారో ఇప్పుడు చూడండి. సన్నగా ఉంటే సాగే గుణం పెరిగి, బయటి లాగుడులో దాని వాటా ఇంకా తగ్గుతుంది. మందం మీద భక్తి ఉన్నవాళ్లు ఈ బోల్టును ఒకసారి చేత్తో పట్టుకుని చూడాలి. అలాగని మాన్యువల్‌లో చెప్పినదాన్ని మించి బిగించడమూ తప్పే: ఈల్డ్ దాటి శాశ్వతంగా సాగిన బోల్టును మళ్లీ వాడకూడదు. తయారీదారు చెప్పిన గంటలు నిండాక మెరిసిపోతున్నా మార్చేయాలి, ఎందుకంటే ఫెటీగ్ పైకి కనిపించకుండానే పని కానిస్తుంది.

అపోహ: వేడికి పగిలే పైపుకు మందు, మందమైన పైపు.

రెండు చివరలూ కదలకుండా బిగించిన ఉక్కు పైపు 100 డిగ్రీలు వేడెక్కితే పుట్టే స్ట్రెస్ సుమారు 240 మెగాపాస్కల్. యంగ్స్ మాడ్యులస్, వ్యాకోచ గుణకం, ఉష్ణోగ్రత తేడా, ఈ మూడే ఆ లెక్కలో ఉంటాయి, మందం లేదు. మందమైన పైపు వేస్తే స్ట్రెస్ అంతే ఉంటుంది, ఫ్లాంజీల మీదా సపోర్టుల మీదా బలం మాత్రం పెరుగుతుంది. కావలసింది కదిలే చోటు: ఆవిరి పైపుకు లూపు, ఎగ్జాస్ట్‌కు బెల్లోస్ (సాగి ముడుచుకునే ముడతల గొట్టం), బాయిలరుకు స్లైడింగ్ పాదాలు. ఆ పాదాలకు పెయింటు దట్టించి బిగుసుకుపోయేలా చేసినవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అపోహ: సేఫ్టీ ఫ్యాక్టర్ 5 ఉంది కాబట్టి కాస్త ఎక్కువ ఎత్తినా ఫర్వాలేదు.

సేఫ్టీ ఫ్యాక్టర్ అంటే తెగే లోడు అనుమతించిన లోడుకు ఎన్ని రెట్లో చెప్పే అంకె. ఆ 5 మీకోసం దాచిపెట్టిన నిల్వ కాదు. కుదుపు, అరుగుదల, తుప్పు, ఓడ ఊగడం, వీటికి అందులో చాలావరకు ముందే కేటాయించేశారు. స్లింగు (బరువు ఎత్తే తాడు) కోణంతో వచ్చే అదనపు లాగుడు అందులో ఉండదు, దాన్ని మీరే లెక్కగట్టాలి. రెండు కాళ్ల స్లింగుతో సిలిండర్ కవరు ఎత్తుతున్నారనుకోండి. కాళ్ల మధ్య కోణం 120 డిగ్రీలుంటే ఒక్కో కాలి మీద కవరు పూర్తి బరువంత లాగుడు ఉంటుంది. పైన ఎత్తు చాలడం లేదని పొట్టి స్లింగు వేసి 150 డిగ్రీలకు తెస్తే అది దాదాపు రెట్టింపు, ఒక్కో కాలి మీదా.