పుప్పొడికి కన్నం వేసే శిలీంధ్రాలు

"పుప్పొడి పైగోడను కరిగించే ఎంజైమే లేదని పాఠంలో చదివాను. మరి కోట్ల ఏళ్లుగా రాలుతున్న పుప్పొడంతా ఏమైనట్టు?" అని ఒక పాఠకురాలు అడిగారు. ఆ వాక్యాన్ని బట్టీ పట్టించి వదిలేసే చదువుల్లో ఈ ప్రశ్న పుట్టడమే గొప్ప.

గోడ మొండిదే. స్పోరోపోలెనిన్ అనే పాలిమర్ అది. ఎసిటిక్ అన్‌హైడ్రైడ్‌లో గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి వేడిచేస్తే లోపలి సరుకంతా పోతుంది, గోడ మాత్రం చెక్కుచెదరదు. అయితే రేణువు మొలకెత్తాలంటే లోపలి గొట్టం బయటికి రావాలి కదా! అందుకే చాలా మొక్కలు ఆ గోడలో ఒకటో మూడో, ఇంకా ఎక్కువో పలుచటి చోట్లు వదులుతాయి. అక్కడ అడ్డుండేది ప్రధానంగా సెల్యులోజ్, పెక్టిన్‌ల లోపలి పొరే. ఆ రెండింటినీ కరిగించే ఎంజైములు శిలీంధ్రాలకు కొల్లలు. గోడ ఎంత గట్టిదైతేనేం, దొంగకు దారి దొరికిపోయింది.

ఈ పనిలో ఆరితేరినవి కైట్రిడ్‌లు అనే సూక్ష్మ శిలీంధ్రాలు. నీటి మీద తేలే పైన్ పుప్పొడి రేణువు 50 మైక్రాన్లు దాటి ఉంటుంది (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). కైట్రిడ్ జూస్పోర్, అంటే ఈదగల బీజకణం, అయిదు మైక్రాన్ల లోపే. వెనకవైపున్న తోకలాంటి ఒకే ఒక్క కశాభాన్ని ఆడిస్తూ ఈదుకుంటూ వస్తుంది. రేణువుకు అతుక్కోగానే కశాభాన్ని లోపలికి లాగేసుకుని, చుట్టూ గోడ కట్టుకుని, సన్నటి గొట్టం దింపుతుంది. లోపల అది చెట్టు వేళ్లలా చీలుతుంది. వాటి పేరు రైజాయిడ్లు. అవి ఎంజైములు వదిలి లోపలి పదార్థాన్ని కరిగించి పీల్చుకుంటాయి. బయట మిగిలిన భాగం గుండ్రటి సంచిలా ఉబ్బుతుంది. అది తెరుచుకుంటే కొత్త జూస్పోర్లు బిలబిలమంటూ బయటపడతాయి. మిగిలేది ఖాళీ డొల్ల. కొన్ని కైట్రిడ్‌లకు పలుచటి చోటు కూడా అక్కర్లేదు, నేరుగా గోడకే కన్నం వేస్తాయి.

ఇక డొల్లల సంగతి. గాలి, తేమ తగిలే మట్టిలో అవి కూడా మెల్లగా తరిగిపోతాయి. ఆక్సిజన్ అందని సరస్సు అడుగు బురదలో పడ్డవి మాత్రం వేల ఏళ్లు నిలుస్తాయి.

పైన్ పుప్పొడి వానతో కలిసి పసుపుపచ్చగా కురిస్తే యూరప్‌లో ఒకప్పుడు ఆకాశం నుంచి గంధకం పడిందని హడలిపోయేవాళ్లు. సరస్సుకు అది మేత! నైట్రోజన్, ఫాస్ఫరస్ అందులో బాగానే ఉంటాయి. కాకపోతే నీటిని వడగట్టి తినే డాఫ్నియా లాంటి చిన్న జీవులకు అంత పెద్ద రేణువు మింగుడుపడదు. ఆ పుప్పొడి తిని పెరిగిన జూస్పోర్ మాత్రం సరిగ్గా వాటి నోటికి పట్టే సైజు. పైగా కొవ్వు ఆమ్లాలూ, కొలెస్ట్రాల్ జాతికి చెందిన స్టెరాల్స్ అందులో దండిగా ఉంటాయి.